కరెంటు పోతే ఇంట్లో దొంగల అలారం మూగబోతుందా?

మూగబోదు, అలారాన్ని నియంత్రించే ప్యానెల్ పెట్టెలోని బ్యాటరీ దాన్ని నడిపిస్తుంది. ఆ బ్యాటరీ బాగుంటేనే సుమా. వైర్లతో బిగించే ప్యానెళ్లలో ఎక్కువగా 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున 7 గంటలు ఇచ్చే సామర్థ్యం) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ ఛార్జవుతూ, పోగానే ప్యానెల్‌కీ, కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్లకీ, సైరన్‌కీ అదే దిక్కు.

ఉదాహరణకు, సైరన్ మోగనప్పుడు అన్నీ కలిపి 200 మిల్లీఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం 35 గంటలు వస్తుంది. పాతబడిన బ్యాటరీ అందులో సగం కూడా రాకపోవచ్చు. 3 నుంచి 5 ఏళ్లకోసారి మార్చేయాలి.

చాలామంది పొరబడేది ఒకచోట: అలారం పనిచేస్తోందంటే ఫోన్‌కి కబురు కూడా వస్తుందనుకుంటారు. ప్యానెల్ వైఫై మీదే ఆధారపడితే, రౌటర్ ఆరిపోగానే ఆ దారి మూసుకుపోతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి, లేదా సిమ్ కార్డు వేసే ప్యానెల్ తీసుకోండి.