10 బై 12 గదికి ఎంత సబ్‌వూఫర్ కావాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. కొత్తగా కట్టుకున్న డాబాలో వీధి వైపు గదిని సినిమాలు చూడడానికి వాడుకుంటున్నాం. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12 అడుగులు, స్లాబు ఎత్తు 10 అడుగులు. వెడల్పు గోడకు 50 అంగుళాల టీవీ, దాని ఎదురు గోడను ఆనుకుని దివాను, పక్కన ఒక ఇనప బీరువా ఉన్నాయి. రాజమహేంద్రవరంలో ఒక షాపువారు టవర్ స్పీకర్లు, 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేసు, అంటే లోతైన ధ్వని, పలికించే స్పీకరు) ఉన్న 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) తీసుకోమన్నారు. భీమవరంలో మరొకరు ఇంత చిన్న గదికి సౌండ్‌బార్ చాలన్నారు. మా దగ్గర 80,000 రూపాయలున్నాయి. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది గాని, ఇద్దరూ మీ గది కొలతలు అడగకుండానే సలహా చెప్పినట్టున్నారు. బేసు విషయంలో మాత్రం ఆ కొలతలు చూడకుండా ఏమీ చెప్పలేం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు, అంటే దాదాపు 1,125 అడుగులు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే, ఆ దూరానికి రెట్టింపు పొడవున్న ధ్వని తరంగం, అంటే సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) ధ్వని, ఆ గోడల మధ్య అటూ ఇటూ తగిలి అక్కడే నిలబడి మోగుతుంది. 10 అడుగుల వెడల్పుకు ఇదే లెక్క వేస్తే సుమారు 56 హెర్ట్జ్ వస్తుంది. స్లాబు ఎత్తు కూడా సరిగ్గా 10 అడుగులే కావడంతో నేలకూ స్లాబుకూ మధ్య కూడా అదే 56 హెర్ట్జ్ మోగి, రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. అందువల్ల మీ గదిలో డోలు మోగినా, లారీ వెళ్ళినా, బాంబు పేలినా అన్నీ ఒకే రకంగా ‘బొంయ్’ మని వినిపించే ప్రమాదం ఉంది. ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు ఉన్న గదుల్లో బేసు బయటికి పోయే దారి తక్కువ కనుక ఈ బాధ మరీ ఎక్కువ.

ఇలాంటి గదిలోకి 12 అంగుళాల సబ్‌వూఫర్ తీసుకురావడం డబ్బు దండగ అనే నా అభిప్రాయం. దాని శక్తిలో సగం కూడా మీరు వాడలేరు, వాడినంత మేరకూ ఆ 47, 56 హెర్ట్జ్‌ల మోతను పెంచుకున్నవారవుతారు. 8 అంగుళాలది గాని, మహా అయితే 10 అంగుళాలది గాని చాలు. సొంత ఆంప్లిఫయర్ ఉండి, విడిగా కరెంటు ప్లగ్గు ఉన్న రకాన్నే ఎంచుకోండి. దొరికితే పెట్టెకు గాలి రంధ్రం లేని, పూర్తిగా మూసి ఉన్న రకం మీ గదికి బాగా నప్పుతుంది. రంధ్రమున్న సబ్‌వూఫర్ ఒక హద్దు వరకు గట్టిగా మోగి, ఆ కిందికి వెళ్ళేసరికి చప్పున పడిపోతుంది. మూసి ఉన్నది నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, చిన్న గది తనంతట తానే కింది స్థాయి బేసును పెంచుతుంది కాబట్టి ఆ తరుగు చాలావరకు భర్తీ అవుతుంది.

కొన్న తరువాత దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి, చాలామంది తొందరపడేది కూడా ఇక్కడే. ఖాళీగా ఉంది కదా అని మూలకు నెట్టేస్తారు. మూలలో బేసు ఎక్కువగా వినిపించే మాట నిజమే గాని, గదిలోని మోతలన్నీ ఒక్కసారిగా నిద్రలేచేది కూడా అక్కడే. దానికి బదులు ఇలా చేయండి. మీరు కూర్చునే చోట, దివాను మీదనే, సబ్‌వూఫర్‌ను పెట్టి, బేసు స్వరాలు మారుతూ ఉండే పాట ఒకటి పెట్టండి. తరువాత మీరు టీవీ గోడ వెంబడి, పక్క గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ, చెవి సబ్‌వూఫర్ ఉండబోయే ఎత్తులో ఉంచి వినండి. ఒక చోట బేసు ముద్దగా, మరో చోట పలచగా, ఇంకో చోట ఒక్కో స్వరం విడివిడిగా వినబడుతుంది. విడివిడిగా వినబడిన చోట సబ్‌వూఫర్ పెట్టి, మీరు తిరిగి దివాను మీదికి వెళితే అదే శబ్దం మీకు వినిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

దివాను సంగతి కూడా చూసుకోవాలి. గోడను ఆనుకుని కూర్చున్నవారికి బేసు అవసరానికి మించి వినిపిస్తుంది, 12 అడుగులకు సరిగ్గా మధ్యలో కూర్చున్నవారికి 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. దివానును వెనక గోడ నుంచి ఒకటి రెండు అడుగులైనా ముందుకు జరపగలిగితే తేడా మీకే తెలుస్తుంది.

ఇక ముందు వైపు స్పీకర్లు. సినిమాలో మాటలు ఎక్కువ భాగం మధ్య స్పీకరు నుంచే వస్తాయి కనుక, 80,000లో నేను ముందుగా ఖర్చు పెట్టేది ఎడమ, కుడి, మధ్య స్పీకర్ల మీదే. మూడూ ఒకే కంపెనీవి, ఒకే శ్రేణివి అయి ఉండాలి. లేకపోతే తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడేటప్పుడు గొంతు మారినట్టు ఉంటుంది. టవర్ స్పీకర్లు మీకు అక్కర్లేదు. 80 హెర్ట్జ్‌కు కింద ఉన్న ధ్వనిని ఎలాగూ సబ్‌వూఫర్‌కే పంపిస్తాం కనుక, టవరు పొడవుకు మీరిచ్చే డబ్బు పనిలేకుండా పోతుంది. 5 అంగుళాల వూఫరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లను స్టాండ్ల మీద చెవి ఎత్తులో పెట్టండి. గోడకు దగ్గరగా పెట్టక తప్పదు కాబట్టి గాలి రంధ్రం వెనక వైపు కాక ముందు వైపు ఉన్న రకం చూసుకోండి. మధ్య స్పీకరును టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయకుండా, అర అంచుకు సమానంగా ముందుకు లాగి, చెవి వైపు కాస్త పైకి వాలేలా పెట్టండి.

డబ్బు సరిపోకపోతే వెనక స్పీకర్లు రెండూ వచ్చే సంక్రాంతికి కొనుక్కోవచ్చు. ఇప్పుడు 5.1 రిసీవర్ (స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే ఆంప్లిఫయర్) తీసుకుని 3.1గా, అంటే ముందు మూడు స్పీకర్లు, సబ్‌వూఫర్‌తో, వాడుకుంటే తప్పేమీ లేదు. కొన్నప్పుడు వాటిని దివాను వెనక మూలల్లో కాక, కూర్చున్నవారికి రెండు పక్కలా కొంచెం వెనగ్గా, చెవికి ఒకటి రెండు అడుగుల పైన బిగించండి.

వాట్ల గురించి షాపులో చెప్పే అంకెలను పెద్దగా పట్టించుకోకండి. అట్టపెట్టె మీద వేలల్లో రాసే ‘పీఎంపీఓ’ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకెకు విలువ లేదు, ‘ఆర్ఎంఎస్’ (నిలకడగా ఇచ్చే శక్తి) అంకెనే అడగండి. ఆ వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. మామూలు స్పీకరు ఒక్క వాటుకు 1 మీటరు దూరంలో సుమారు 87 డెసిబెల్స్ ఇస్తుంది, మీరు కూర్చునేది 8 అడుగుల దూరంలో. నిజంగా 10 వాట్లు అందినా చాలు, అది చెవికి చాలా పెద్ద శబ్దం.

రిసీవరులో స్పీకర్లన్నిటినీ ‘స్మాల్’ అని పెట్టి, క్రాసోవర్ (ధ్వనిని సబ్‌వూఫర్‌కు మళ్ళించే హద్దు) 80 హెర్ట్జ్ ఉంచండి. సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ మీటను అన్నిటికంటే ఎక్కువ హెర్ట్జ్ ఉన్న చివరికంటా తిప్పేయండి. 80 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 14 అడుగులు, అంటే మన రెండు చెవుల మధ్య దూరం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే ఆ కిందికి శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో చెవి పట్టలేదు. రిసీవరుతో ఇచ్చే మైకుతో కొలతలు తీసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపి, తలుపులు, కిటికీలు సినిమా చూసేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంచండి.

ఆ బీరువాను మరిచిపోకండి. 50 హెర్ట్జ్ ప్రాంతంలో మోత వచ్చినప్పుడల్లా దాని తలుపు, లోపలి లాకరు, పైన పెట్టిన సూట్‌కేసు హ్యాండిలు దడదడలాడతాయి, చాలామంది అది స్పీకరు చిరిగిన చప్పుడనుకుని మెకానిక్కును పిలుస్తారు. తలుపు సందులో మడిచిన గుడ్డముక్క పెడితే పోతుంది. కొబ్బరిపీచు చాపలు పరిస్తే మోత తగ్గుతుందని మన వైపు కొందరు నమ్ముతారు. నేల మీద పడి తిరిగొచ్చే కీచు ధ్వనులకు అవి పనికొస్తాయి గాని, బేసుకు అవి అడ్డే కాదు. మందపాటి దూది పరుపులు మూలల్లో నిలబెడితే కాస్త నయం.

సౌండ్‌బార్ సలహా తీసిపారేయదగింది కాదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి, వైర్లు వద్దనుకునేవారికి నేనూ అదే చెబుతాను. సొంత ఇల్లు, ప్రత్యేకమైన గది, 80,000 రూపాయలు ఉన్న మీకు మాత్రం విడి స్పీకర్లే తగినవి.

ప్రశ్న: మాది కోనసీమలో పాత పెంకుటిల్లు. పైకప్పు వైపు శబ్దం పంపే అట్మాస్ స్పీకర్లు కొనాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: రావమ్మా. డాల్బీ అట్మాస్ 2012లో సినిమాహాళ్ళకు, 2014 నాటికి ఇళ్ళకు వచ్చింది. అందులో పైకి చూసే స్పీకర్లు శబ్దాన్ని పైకప్పుకు కొట్టి మీ తల మీదికి దించాలి, అలా దించాలంటే పైకప్పు చదునుగా, గట్టిగా ఉండాలి. ఏటవాలు దూలాలు, వాసాలు, సందులున్న పెంకుల మీద ఆ శబ్దం చెల్లాచెదురైపోతుంది. ఆ డబ్బు ముందు స్పీకర్లకు పెట్టమని అబ్బాయికి చెప్పండి. మీకో వెసులుబాటు కూడా ఉంది: పెంకుల సందుల నుంచి బేసు బయటికి పోతుంది కనుక స్లాబు గదుల్లో ఉండే మోత మీకు అంతగా ఉండదు. వైర్లను మాత్రం పీవీసీ పైపులో వేయించండి, అటక మీద ఎలుకలు వాటిని బతకనివ్వవు.

ప్రశ్న: మా సబ్‌వూఫర్ సినిమా లేకపోయినా సన్నగా ‘గుయ్’ మంటుంది. కేబుల్ టీవీ ఉంది. కొన్న షాపువారు మార్చి ఇస్తామన్నారు.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మార్చే ముందు సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ వైరు ఊడదీసి చూడండి. మోత ఆగితే దోషం సబ్‌వూఫర్‌ది కాదు. కేబుల్ వైరు ద్వారా ఒక ఎర్తు, మీ ఇంటి ఎర్తు ఒకటి కలిసి వలయంగా ఏర్పడ్డాయన్నమాట. కేబుల్ వైరుకు మధ్యలో పెట్టే ఐసొలేటరు దొరుకుతుంది, అది వేయించుకుని, అన్ని పరికరాలకూ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొడితే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణాపాయం. కేబుల్ తీసినా మోత ఆగకపోతే, రిసీవరు నుంచి వచ్చే వైరును సబ్‌వూఫర్ వైపు ఊడదీయండి. అప్పటికీ మోగుతుంటే లోపం దాని లోపలే ఉంది, నిరభ్యంతరంగా మార్పించుకోండి. మీది సముద్రానికి దగ్గరి ఊరు కాబట్టి, కొత్తది తెచ్చుకున్నాక ఏడాదికోసారి స్పీకరు వైర్ల కొనలు విప్పి చూసి, రాగి మీద పచ్చగా చిలుము పట్టిన మేరకు కత్తిరించి, కొత్త కొన బిగించండి.