తలకోనకు అంత లెన్స్ ఎందుకు తమ్ముడూ

తమ్ముడూ,

రిటైరయ్యాక వచ్చిన డబ్బులతో దూరంలోని పిట్టల్ని దగ్గరగా చూపే 150-600 లెన్స్ కొన్నావనీ, వానలకు తలకోన, చలికాలంలో నేలపట్టు వెళ్తాననీ రాశావు. సంతోషం. లెన్స్ గురించి నేనేమీ అనను, కొన్నాక అనేదేముంది! మోయడం గురించే నా బాధంతా.

ముందు బ్యాగు మొత్తం సర్ది తూకం వెయ్యి. ఆ లెన్స్ ఒక్కటే దాదాపు 2 కిలోలు. కెమెరా, ట్రైపాడ్, దాని హెడ్డు, లీటరు నీళ్లు, ఖాళీ బ్యాగు బరువు కూడా కలిపితే 8 కిలోలకు తగ్గదు. హాల్లో తగిలించుకుని చూస్తే ఏమీ అనిపించదు. రాళ్ల దారిలో దిగేటప్పుడు మోకాళ్లు చెబుతాయి. ‘ఎందుకైనా మంచిది’ అని పెట్టుకున్నవన్నీ ముందు తీసెయ్.

తలకోనలో 270 అడుగుల జలపాతం కింద నిలబడితే కావలసింది ఎక్కువ మేర ఫొటోలో పట్టే వైడ్ లెన్స్. పెద్దదాన్ని ఇంట్లో ఉంచు. నీళ్లు పాలధారలా రావాలంటే షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలి, అంతసేపూ కెమెరా కదలకూడదు కాబట్టి ట్రైపాడ్ మాత్రం తప్పదు. తేలికదైనా ఫర్వాలేదు, మధ్య కడ్డీ కింది కొక్కేనికి బ్యాగు తగిలించు, కదలదు. నడిచేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకోకు, బ్యాగుకు కట్టెయ్. తడి బండల మీద చేతులు ఖాళీగా ఉండాలి.

నడుము బెల్టు లేని బ్యాగు ఎంత ఖరీదైనా నీకు పనికిరాదు. బరువైనవి వీపుకు ఆనేలా సర్దు. నేల మీద నుంచి ఒక్క ఊపున ఎత్తి భుజానికి వేసుకుంటారు చూడు, నడుం పట్టేసేది అక్కడే. కారు డిక్కీ అంచు మీదో, గట్టు మీదో పెట్టి, దానికి వీపు తిప్పి, చేతులు దూర్చి లేవాలి. ముందు నడుము బెల్టు తుంటి ఎముకల మీద బిగించు, తర్వాతే భుజాల పట్టీలు లాగు. బరువులో ఎక్కువ భాగం తుంటి మీదికి దిగిపోతుంది. పెద్ద లెన్స్ తగిలించినప్పుడు కెమెరా పట్టీతో మెడకు వేలాడదీయకు, మెడా నొస్తుంది, లెన్స్ కెమెరాకు తగిలే మౌంటూ పాడవుతుంది. లెన్స్ చుట్టూ ఉండే పట్టీ, అదే లెన్స్ కాలర్, పట్టుకునే మొయ్యాలి.

నీ పెద్ద లెన్స్‌కు అసలు చోటు పులికాట్ సరస్సు. రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీంచే కనబడతాయి. కారు పక్కకు ఆపి, ఇంజన్ ఆపి, కిటికీ అద్దం దించి, ఊక నింపిన గుడ్డసంచి మీద లెన్స్ ఆనించు. ఇసుక కన్నా ఊక ఎంతో తేలిక. కారు దిగితే పిట్టలు దూరం జరుగుతాయి, కూర్చుంటే వాటికీ నీకూ హాయి. నేలపట్టులో గూడబాతుల (పెలికాన్ల) కోసం కాస్త నడవాలి, అక్కడికి ఒంటికాలి స్టాండు, మోనోపాడ్, చాలు. చేతికర్రగానూ పనికొస్తుంది, లాకులు బిగిశాయో లేదో మాత్రం చూసుకో.

కొండకు నడిచి వెళ్తూ కెమెరా కూడా తెస్తానన్నావు. అలిపిరి దారి 3,550 మెట్లు. చిన్న లెన్స్ ఒకటి చాలు. గుడిలోకి కెమెరా ఎలాగూ రానివ్వరు.

మోయడానికి కుర్రాణ్ణి తోడు తీసుకుంటే నామోషీ ఏమీ లేదు. ట్రైపాడ్, నీళ్లు అతనికివ్వు, కెమెరా నీ దగ్గరే పెట్టుకో, డబ్బు ముందే మాట్లాడుకో.

తూకం వేశాక ఫోన్ చెయ్యి. 6 కిలోలు దాటితే ఏం తీసెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ అన్న