వైద్యంలో ఏఐని న్యాయంగా వాడటం కుదురుతుందా? ఒక ఎక్స్-రే టెక్నీషియన్ జవాబు

ప్రశ్న: వైద్యంలో కృత్రిమ మేధను నైతికంగా వాడటం నిజంగా సాధ్యమేనా? ప్రపంచ దేశాలు ఏం చేస్తున్నాయి?

సాధ్యమే. కానీ సూత్రాల పత్రాలు రాసుకుంటూ కూర్చుంటే కాదు. రోగి ఎదురుగా నిలబడి "ఈ ఫలితం తప్పండీ" అన్నప్పుడు వినే మనిషి ఆ గదిలో ఉండాలి, ఆ ఫలితాన్ని మార్చే అధికారం ఆ మనిషికి ఉండాలి. అది లేని చోట మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఎక్స్-రే టెక్నీషియన్‌ని. ఛాతీ ఎక్స్-రేలు చదివే ఏఐ సాఫ్ట్‌వేర్ పక్కనే కూర్చుని పని చేస్తున్నాను.

నేను ఏఐకి వ్యతిరేకిని కాను. టీబీ విషయంలో అయితే అది వచ్చి మేలే చేసింది. 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో కోటి మందికి పైగా కొత్తగా టీబీ బారిన పడ్డారు, దాదాపు 12.5 లక్షల మంది చనిపోయారు. ఎక్స్-రే మిషన్ ఉన్నా ఫిల్ము చదివే రేడియాలజిస్టు లేని ప్రాంతాలు బోలెడు. అందుకే 15 ఏళ్లు నిండినవాళ్లకు చేసే టీబీ స్క్రీనింగ్‌లో మనిషి బదులు సాఫ్ట్‌వేర్ చదివినా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనంలో, ఢాకాలో తీసిన దాదాపు 24 వేల మంది ఎక్స్-రేలను 5 సాఫ్ట్‌వేర్ల చేత చదివించారు. ఐదూ రేడియాలజిస్టుల కంటే బాగా చదివాయి. అయితే 60 దాటినవాళ్ల దగ్గర, ఇదివరకు టీబీ వచ్చి తగ్గినవాళ్ల దగ్గర మాత్రం ఐదూ తడబడ్డాయి. అమ్మడానికి వచ్చేవాళ్లు మొదటి సంగతి చెబుతారు, రెండోది చెప్పరు. నా గొడవంతా ఆ రెండో సంగతి గురించే.

ఉద్యోగంలో చేరే ముందు చేయించే వైద్య పరీక్షల కోసం ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. గొలుసు తీయించాను, జడ పైకి ముడి వేసుకోమన్నాను (జడ నీడ కూడా ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలా పడుతుంది, సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా తెలియకపోవచ్చు). గడ్డం స్టాండు మీద ఆనించి, భుజాలు ముందుకు తెమ్మని చెప్పి, "గట్టిగా గాలి పీల్చి బిగబట్టండమ్మా" అన్నాను. ఫిల్ము చక్కగా వచ్చింది. కొన్ని సెకన్లలోనే స్క్రీను మీద కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఎర్రటి మరక, పక్కన టీబీ అనుమానం ఎంతో చెప్పే స్కోరు 81. ఆ స్క్రీను ఆవిడకూ కనబడుతోంది. చూడగానే "అది పాతదండీ, మందులన్నీ వాడేశాను" అంటూ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో చికిత్స కార్డు, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. ఆరు నెలల కోర్సు పూర్తయినట్టు సంతకాలున్నాయి. అప్పటి ఎక్స్-రే రిపోర్టు కూడా ఉంది. ఎక్కడ ఎక్స్-రే తీయించుకున్నా ఇదే గొడవ అవుతోందని, అందుకే కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకుంటానని చెప్పింది.

అది మానిపోయిన జబ్బు తాలూకు మచ్చ. సాఫ్ట్‌వేర్‌కి బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది, కార్డు కనిపించదు. పోనీ మేం చెబుదామన్నా మా ఫారంలో "ఇంతకుముందు టీబీ వచ్చిందా?" అన్న గడే లేదు. స్కోరు 50 దాటితే పేరు దానంతటదే అనుమానితుల జాబితాలోకి పోతుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్లకు "పెండింగ్" అని మెసేజ్ వెళ్తుంది. కౌంటర్లో అబ్బాయి "సిస్టమ్‌లో అలా వచ్చిందమ్మా, నేనేం చేయలేను" అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఆ జాబితాను ముట్టుకునే హక్కు నిజంగానే అతనికి లేదు. నాకూ లేదు.

కార్డు పట్టుకుని డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన పాత రిపోర్టుతో పోల్చి చూశారు. టీబీ మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి కళ్లె పరీక్ష రాశారు, అది సరైన పనే. నెగటివ్ వచ్చింది. ఫిట్ అని రాసి సంతకం పెట్టారు. ఈలోగా ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. "మరి దీనికి ఎవరిని అడగాలండీ?" అంది ఆవిడ. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆసుపత్రి వైపు చూపిస్తారు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ వైపు చూపిస్తుంది, కంపెనీ ఏమో "మేం సూచన మాత్రమే ఇస్తాం, నిర్ణయం డాక్టరుదే" అంటుంది. కానీ ఆ పెండింగ్ మెసేజ్ వెళ్లే సమయానికి ఏ డాక్టరూ ఆ ఫిల్ము చూడనే లేదు!

ఆ 50 ఎక్కడి నుంచి వచ్చింది? నేను అడిగాను. "డిఫాల్ట్‌గా వచ్చింది" అన్నారు. పరీక్షలో పాసు మార్కు ఎంత పెడితే అంతమంది పాసయినట్టు, ఇక్కడ గీత ఎక్కడ గీస్తే అక్కడ రోగులు తేలతారు. కిందికి దించితే జబ్బు ఉన్నవాళ్లు తప్పిపోరు, కానీ ఏ జబ్బూ లేనివాళ్లు బోలెడంతమంది పరీక్షల చుట్టూ తిరుగుతారు. పైకి పెంచితే ఖర్చు తగ్గుతుంది, కొందరు రోగులు జబ్బుతోనే ఇంటికి వెళ్లిపోతారు. ఎవరిని వదులుకోవాలి అనే ప్రశ్న ఇది. ఏ ప్రాంతానికి తగ్గ గీతను ఆ ప్రాంతంలోనే పరీక్షించి పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పైగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వస్తే అదే ఫిల్ముకు వేరే స్కోరు రావచ్చు, గీత మళ్లీ చూసుకోవాలి. మాకు వెర్షన్ మారిన సంగతి తెలిసిందే స్క్రీను రంగు మారినప్పుడు.

ఇలాంటి కనబడని నిర్ణయం ఎంత అన్యాయం చేస్తుందో అమెరికాలో బయటపడింది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అది. అదనపు సంరక్షణ ఎవరికి కావాలో తేల్చే ఒక సాఫ్ట్‌వేర్, జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసేది. నల్లజాతి రోగుల మీద అయ్యే ఖర్చు తక్కువ కాబట్టి, వాళ్లకు జబ్బు ఎక్కువున్నా స్కోరు తక్కువ వచ్చేది. ఆ లోపం సరిదిద్దితే అదనపు సాయం అందేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్క తేలింది. జాతి అన్న వివరమే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వలేదు. అయినా ఇంత జరిగింది. ఖర్చునే జబ్బుగా లెక్కించమని ఎవరో ఒక గదిలో కూర్చుని నిర్ణయించారు, ఆ గదిలో రోగి లేడు.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి కంపెనీలవాళ్లు చూపించే డెమోల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు వాటి మీద ఒళ్లు మంట. తెచ్చే బొమ్మలన్నీ నిలబడగలిగిన మనిషికి, మంచి మిషన్ మీద తీసినవే. మంచం మీద పడుకోబెట్టి పోర్టబుల్ మిషన్‌తో తీసినవి, పేషెంటు దగ్గుతో కదిలిపోయినవి ఒక్కటీ ఉండవు. థాయిలాండ్‌లో గూగుల్ తన కంటి పరీక్ష ఏఐని 11 క్లినిక్‌లలో పెట్టి చూసినప్పుడు ఇదే ఎదురైంది. వెలుతురు సరిగ్గా లేని గదుల్లో నర్సులు తీసిన ఫొటోల్లో ఐదో వంతుకు పైగా పనికిరావని సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టింది. అలా తిప్పికొడితే రోగి పని మానుకుని ఇంకో ఆసుపత్రికి పోవాలి. దాన్ని దాచకుండా 2020లో వాళ్లే ప్రచురించారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. మిగతా కంపెనీలు కూడా ఇలాగే బయటపెడితే మాకు ఇంత టెన్షన్ ఉండదు.

ఇక దేశాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆరు సూత్రాలు ప్రకటించింది, నిర్ణయాధికారం మనుషుల చేతిలోనే ఉండాలన్నది వాటిలో మొదటిది. యూరప్ కొత్త ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, దాని నిబంధనలు దశలవారీగా వర్తిస్తాయి. వైద్య పరికరాల్లో వాడే ఏఐలో చాలా భాగాన్ని అది ఎక్కువ ప్రమాదమున్న వర్గంలో చేర్చి, మనిషి పర్యవేక్షణ తప్పనిసరి అంటోంది. మంచిదే. అయితే మనిషి పర్యవేక్షణ అంటే క్యూలో రెండు వందల మంది ఉండగా ఒకరు వరుసగా "ఓకే" నొక్కుకుంటూ పోవడం కాకూడదు. పోలండ్‌లో పెద్దపేగు పరీక్షలు చేసే డాక్టర్ల మీద 2025లో ఒక అధ్యయనం వచ్చింది. ఏఐ సాయానికి అలవాటు పడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో క్యాన్సర్‌గా మారగల గడ్డలను పట్టుకునే రేటు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయింది. పర్యవేక్షించాల్సిన కన్నే మందగిస్తే ఆ చట్టం ఎవరిని నమ్ముకుని నిలబడుతుంది?

స్వీడన్‌లో మాత్రం పద్ధతిగా చేశారు. 80 వేల మందికి పైగా మహిళల మీద చేసిన రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ అధ్యయనంలో, సగం మంది విషయంలో ఏ ఫిల్మును ఒక డాక్టరు చదవాలో, దేన్ని ఇద్దరు చదవాలో ఏఐ విడదీసింది. చివరి మాట రేడియాలజిస్టుదే. చదివే పని 44 శాతం తగ్గింది, పట్టుకున్న క్యాన్సర్లు తగ్గలేదు. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

కాబట్టి మీకో, మీ ఇంట్లోవాళ్లకో ఏఐ చదివిన రిపోర్టు ఇస్తే మూడు సంగతులు అడగండి: ఎంత దాటితే అనుమానం కింద లెక్క, ఆ గీత ఎవరు పెట్టారు, ఈ ఫిల్మును ఏ డాక్టరు చూశారు. మూడోదానికి పేరు చెప్పలేకపోతే, డాక్టరు చదివి సంతకం పెట్టేదాకా ఫలితం ఎవరికీ పంపొద్దని కాగితం మీద రాసివ్వండి. పాత జబ్బు ఉంటే ఆ కాగితాలు ఫిల్ము తీయకముందే టెక్నీషియన్‌కు చూపించండి. మేం చదవం అనుకోకండి, చదువుతాం. మా ఫారంలో ఆ గడి కోసం నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను. అది వచ్చేదాకా ఫిల్ము కింద వ్యాఖ్యల చోట "పాత టీబీ, చికిత్స పూర్తి" అని చేత్తో టైప్ చేస్తున్నాను.