చదరంగ చరిత్రను మార్చిన ఒక్క ఆటను చెప్పమంటే ఏది చెబుతారు?

ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా వచ్చే జవాబులు దాదాపు ఒకటే. 1851లో లండన్‌లో ఆండర్సన్ ఒక శకటును (మూలవాటుగా నడిచే బిషప్‌ను), రెండు ఏనుగులను, చివరికి మంత్రిని కూడా వదులుకొని కీజెరిట్స్కీకి ఆట కట్టించిన తీరును ఒకరు చెబుతారు. 1858లో పారిస్ ఆపెరాలో ఇద్దరు ప్రభువులు కలిసి ఆడుతుండగా మార్ఫీ పదిహేడో ఎత్తులో ముగించిన ఆటను మరొకరు చెబుతారు. అవి అందమైన ఆటలు, వాటి పట్ల నాకు గౌరవమే ఉంది. కానీ నేను చెప్పేది 1855లో కలకత్తాలో జాన్ కాక్రేన్‌కు, మహేశ్‌చంద్ర బెనర్జీకి మధ్య జరిగిన ఆట. అందులో నల్లపావులతో ఆడిన మహేశ్‌చంద్ర ఓడిపోయాడు.

నాకు చదరంగం నేర్పింది మా తాతగారు. ఆయన నేర్పింది ఇప్పుడు పోటీలలో ఆడే ఆట కాదు, ఊళ్ళో అరుగుల మీద ఆడుకునే దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడవాలి. రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కలిపి జరిపే కాస్లింగ్ లేదు, దానికి బదులుగా రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు అవతలి అంచుకు చేరితే ఆ గడిలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావుగానే మారాలి. ఇలా ఆడేవాడికి బంట్లను నడిబల్లకు ఉరికించే అలవాటు ఉండదు. గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలోకి శకటును తెచ్చి మూలవాటుగా గురిపెట్టి, ఎదుటివాడు ముందుకు రావడం కోసం కాచుకొని ఉండటం మా తాతగారి పద్ధతి.

అదే పద్ధతితో నేను ఎనిమిదో తరగతిలో జిల్లా స్థాయి పోటీకి వెళ్ళాను. అక్కడ శిక్షణ ఇచ్చే ఒకాయన నా మొదటి ఐదు ఎత్తులు చూసి, ఇది పల్లెటూరి ఆట, నడిబల్లను ఎదుటివాడికి అప్పగిస్తున్నావు, దీనిని మరచిపోతే తప్ప బాగుపడవు అన్నారు. నేను ఆయన మాట నమ్మి చాలా ఏళ్ళ పాటు తాతగారి ఆటను తక్కువగా చూశాను. ఆ అన్యాయం గుర్తు వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మహేశ్‌చంద్ర కలకత్తాకు దూరంగా పల్లెలో ఉండే బ్రాహ్మణుడు. కాక్రేన్ కలకత్తాలో న్యాయవాదిగా ఉన్న స్కాట్లండ్ వాడు, ఆనాటి బ్రిటిష్ ఆటగాళ్ళలో గట్టివాడు. ఓటమి ఎరుగని ఆటగాడు ఒకడు పల్లెలో ఉన్నాడని తెలిశాక వారిద్దరూ ఏళ్ళ తరబడి వందల ఆటలు ఆడారు, కాక్రేన్ వాటిని రాసి ఉంచాడు. ఆరంభంలోనే గుర్రాన్ని బలి ఇచ్చే కాక్రేన్ గ్యాంబిట్ అనే ఆరంభం కూడా 1848లో మహేశ్‌చంద్రతో ఆడిన ఆటతోనే మనకు దక్కింది. కాక్రేనే ఎక్కువ ఆటలు గెలిచాడు, నిజమే. అయితే మహేశ్‌చంద్ర యూరప్ నియమాలకు మారినా తన దేశవాళీ అమరికను వదలలేదు. నేటికీ ఆ తరహా అమరికతో సాగే ఆరంభాలను ప్రపంచమంతా ఇండియన్ డిఫెన్స్ అని పిలవడానికి మూలం ఆయన ఆటలే.

1855 నాటి ఈ ఆటలోని ఆరంభాన్ని ఇవాళ గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అంటారు. 1922లో వియన్నాలో గ్రున్‌ఫెల్డ్ దానితో అలెఖిన్‌ను ఓడించడంతో ఆ పేరు స్థిరపడింది, అప్పటికి మన మహేశ్‌చంద్ర ఆడి అరవై ఏడేళ్ళు గడిచాయి! నడిబల్లను బంట్లతో ఆక్రమించకుండా దూరం నుంచి శకటుతో అదుపు చేయవచ్చనే ఆలోచనను యూరప్ కొత్త సిద్ధాంతంగా చెప్పుకుంది. 1924లో న్యూయార్క్‌లో రేటీ ఆ ధోరణిలోనే ఆడి, ఎనిమిదేళ్ళుగా ఓటమి లేని అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాను ఓడించాడు. 1956 అక్టోబర్ 17న అదే నగరంలో పదమూడేళ్ళ ఫిషర్ డొనాల్డ్ బర్న్‌పై ఆడి, పదిహేడో ఎత్తులో మంత్రిని వదులుకొని, నలభై ఒకటో ఎత్తులో ఆట కట్టించిన "శతాబ్దపు ఆట" కూడా గ్రున్‌ఫెల్డే. ఫిషర్‌కు మహేశ్‌చంద్ర తెలిసి ఉండనవసరం లేదు. తెలిసి నడిచినా తెలియక నడిచినా దారి మాత్రం అదే, ఆ దారిలో కాగితం మీద మిగిలిన మొదటి అడుగు కలకత్తాలో పడింది.

ఇప్పుడు శిక్షణా కేంద్రాలలో పిల్లల చేత కంప్యూటర్ చెప్పిన ఇరవై ఎత్తులు కంఠస్థం చేయిస్తున్నారు. ఆ ఎత్తులను ఎవరు, ఏ ఊళ్ళో, ఏ నియమాల అలవాటుతో ఆడి చూశారో ఒక్క ముక్క చెప్పరు. హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్ వంటి గ్రాండ్‌మాస్టర్లు పుట్టిన నేల మీద కూడా మహేశ్‌చంద్ర పేరు ఎరిగిన పిల్లవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

నేను ఈ ఆటను ఒక సంకలనంలో చూసి, ఎత్తులు నోటు పుస్తకంలోకి ఎక్కించుకొని ఊరికి తీసుకువెళ్ళేసరికి తాతగారికి ఎనభై దాటాయి. కరెంటు పోయిన రాత్రి, లాంతరు వెలుగులో బల్ల పరచి, ఎవరు ఆడినదో చెప్పకుండా ఒక్కొక్క ఎత్తే వేసి చూపించాను. నల్లవారి శకటు గుర్రం పక్కనున్న మూలవాటులోకి చేరగానే ఆయన ముందుకు వంగి, "వీడెవడో మన ఆట ఆడినవాడేరా" అన్నారు. ఆ మాటకు నాకు గొంతు పూడుకుపోయింది. పదిహేడో ఎత్తులో తెల్లగుర్రం రాజు మీదికి వస్తుంటే నల్లవాడు శకటును కొట్టాడు. పద్దెనిమిదిలో ఆ గుర్రం బంటును కొట్టి మంత్రి మీద పడితే, నల్లవాడు తన గుర్రాన్ని బల్ల అంచుకు పంపి తెల్లమంత్రికి గురిపెట్టాడు. తాతగారు నా చెయ్యి పట్టుకొని ఆపారు. "మంత్రి మీద ఆశతో రాజును మరిచాడు. ఇక గుర్రం తినేస్తుంది" అన్నారు.

అలాగే జరిగింది. తెల్లగుర్రం పక్కకు దూకి, తానూ వెనకనున్న మంత్రీ ఒకేసారి రాజుకు గురిపెట్టే జంట చెక్ ఇచ్చింది, రాజు మూలకు పోయాడు, తెల్లవాడు మంత్రిని రాజు పక్కన పెట్టి బలి ఇచ్చాడు, ఏనుగు దానిని కొట్టక తప్పలేదు, సొంత పావులే నాలుగు వైపులా అడ్డమైన రాజుకు గుర్రం వెనక్కి వచ్చి ఆట కట్టించింది. అప్పుడు మహేశ్‌చంద్ర సంగతి మొత్తం చెప్పాను. తాతగారు చాలాసేపు బల్లవైపే చూసి, పావులన్నీ మొదటి గడులలోకి సర్ది, నల్లవాటిని తన వైపు తిప్పుకొని, "నువ్వు ఆ దొర ఎత్తులే వెయ్యి, పద్దెనిమిదో ఎత్తు నేను చూసుకుంటాను" అన్నారు.