ఐన్‌స్టీన్‌కు మారుగా మరో సిద్ధాంతం రాస్తానంటున్న అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: నేను గుంతకల్లులో రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మొదటి సంవత్సరం లెక్కల్లో ఒక్క మార్కు కూడా పోలేదు. జయంత్ నార్లీకర్ అనే శాస్త్రవేత్త గురించి చదివిన దగ్గర్నుంచి తానూ ఖగోళ భౌతిక శాస్త్రం చదివి గురుత్వాకర్షణకు కొత్త సిద్ధాంతం కనిపెడతానని, ఈఏపీసెట్ రాయనని పట్టుబడుతోంది. విచారిస్తే, ఆయన సిద్ధాంతాన్ని లోకం ఒప్పుకోలేదని తెలిసింది. ఒప్పుకోని సిద్ధాంతం కోసం జీవితమంతా ధారపోసిన మనిషిని చూసి మా అమ్మాయి దారి ఎంచుకోవడం మంచిదేనా? పుణెలో ఆయన స్థాపించిన సంస్థను ఒకసారి చూపించమని కూడా అడుగుతోంది. తీసుకెళ్లమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒప్పుకోని సిద్ధాంతం కోసం జీవితమంతా ధారపోసిన మనిషి అని రాశారు. మీ భయం నాకు అర్థమైంది కానీ, నార్లీకర్ జీవితం అలా గడవలేదు. ఆయన జీవితం ఎలా గడిచిందో తెలిస్తే మీ అమ్మాయి విషయంలో మీరు ఏం చేయాలో సగం తేలిపోతుంది కనుక, ముందు ఆ సంగతే కాస్త వివరంగా రాస్తాను.

నార్లీకర్ 1938లో కొల్హాపూర్‌లో పుట్టి వారణాసిలో పెరిగారు. తండ్రి విష్ణు వాసుదేవ నార్లీకర్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గణితాచార్యులు, సాపేక్షతా సిద్ధాంతంలో పండితులు. తల్లి సుమతి సంస్కృత విదుషి. ఇంట్లో ఉన్న నల్లబల్ల మీద మేనమామ ఒక లెక్క రాసి, అది పిల్లవాడు సాధించేదాకా తుడవకుండా ఉంచేవారట. ఆ ఇంటి వాతావరణం మన ఇళ్లలో ఉండకపోవచ్చు కానీ నల్లబల్ల ఖరీదు ఎక్కువేమీ కాదు. 1957లో బనారస్‌లో బీఎస్సీ పూర్తిచేసి కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడి గణిత పరీక్షలో 1959లో ప్రథమ స్థానం సాధించి, ఆ తర్వాతే ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ దగ్గర పరిశోధనకు చేరి 1963లో పీహెచ్‌డీ పొందారు. 1964లో గురువుతో కలిసి కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రకటించే నాటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు నిండలేదు. మరుసటి సంవత్సరమే పద్మభూషణ్ వచ్చింది. పత్రికల్లో చదివేవారికి ఈ చివరి రెండు సంగతులే గుర్తుంటాయి. వాటి వెనుక, అప్పటికి అందరూ ఒప్పుకున్న గణితాన్నీ భౌతిక శాస్త్రాన్నీ ఏమీ మిగలకుండా నేర్చుకున్న సంవత్సరాలు ఉన్నాయి.

ఇక ఆ సిద్ధాంతం. గుంతకల్లు నుంచి అనంతపురం వచ్చే బస్సులో డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం. దానికి కారణం జడత్వమని పాఠ్యపుస్తకం చెబుతుంది. అయితే వస్తువుకు ఆ జడత్వం ఎక్కడి నుంచి వచ్చిందని పందొమ్మిదో శతాబ్దంలో మాక్ అనే శాస్త్రవేత్త అడిగాడు. ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాలన్నింటితో దానికి సంబంధం ఉండాలని ఆయన అభిప్రాయం. ఐన్‌స్టీన్‌ను కూడా ఈ ఆలోచన ఆకర్షించింది కానీ ఆయన సమీకరణాల్లో అది పూర్తిగా ఇమడలేదు. హోయల్, నార్లీకర్ దానికి గణిత రూపం ఇచ్చారు. వారి లెక్క ప్రకారం ఒక్కొక్క కణానికి ఉన్న ద్రవ్యరాశి విశ్వంలోని మిగతా కణాలన్నింటి వల్ల ఏర్పడుతుంది. లెక్కలేనన్ని కణాలున్న విశ్వానికి ఆ సమీకరణాలను అన్వయిస్తే అవి ఐన్‌స్టీన్ సమీకరణాల రూపానికే వస్తాయి. గురుత్వాకర్షణ వికర్షణగా కాక ఆకర్షణగానే ఎందుకుండాలో కూడా వారి సిద్ధాంతంలోంచి దానంతట అదే తేలుతుంది. అంటే పాత సిద్ధాంతం సరిగ్గా చెప్పినదాన్నంతా నిలబెట్టి, అది చెప్పలేకపోయిన ఒక ప్రశ్నకు సమాధానం వెతికిన ప్రయత్నం అది. మీ అమ్మాయి దీన్ని గమనించిందో లేదో అడగండి.

దానికి అభ్యంతరం వెంటనే వచ్చింది. అప్పుడు కేంబ్రిడ్జిలోనే పరిశోధక విద్యార్థిగా ఉన్న స్టీఫెన్ హాకింగ్, వ్యాకోచిస్తున్న విశ్వంలో ఆ సిద్ధాంతం చెప్పే ద్రవ్యరాశిని కూడితే మొత్తం అనంతమవుతుందని చూపించాడు. హాకింగ్ పీహెచ్‌డీ గ్రంథంలో మొదటి అధ్యాయం ఆ విమర్శే. ఇదిలా ఉండగా, 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన విశ్వవ్యాప్త సూక్ష్మతరంగ వికిరణం, విశ్వానికి ఆది లేదనే స్థిరస్థితి సిద్ధాంతానికి పెద్ద దెబ్బ అయింది. హోయల్, నార్లీకర్ ఆ స్థిరస్థితి పక్షాన కూడా ఉండటం వల్ల చాలామంది ఈ రెండు సిద్ధాంతాలనూ ఒకటిగా కలిపి చెబుతారు. నిజానికి అవి వేరు వేరు, వాటికి ఎదురైన చిక్కులూ వేరు. నార్లీకర్ మాత్రం విశ్వం ఒక మహా విస్ఫోటంతో (బిగ్ బ్యాంగ్) మొదలైందన్న వాదాన్ని చివరిదాకా అంగీకరించలేదు. 1993లో హోయల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి సవరించిన మరో నమూనాను ప్రతిపాదించారు. దాన్నీ ఎక్కువమంది ఒప్పుకోలేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1972లో ఆయన కేంబ్రిడ్జి వదిలి ముంబయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు వచ్చారు. 1988లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరఫున పుణెలో ఐయుకా అనే ఖగోళ శాస్త్ర కేంద్రాన్ని స్థాపించి 2003 వరకు దానికి డైరెక్టరుగా ఉన్నారు. మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పెద్ద పరికరాలు అందుబాటులో లేక పనిచేసే అధ్యాపకులూ విద్యార్థులూ అక్కడికి వెళ్లి పరిశోధన చేసుకోవాలన్నది ఆ సంస్థ ఉద్దేశం. నాకు అన్నింటికన్నా గొప్పగా తోచేది మరొకటి ఉంది. డైరెక్టరు తన సిద్ధాంతాన్నే నమ్మాలని అక్కడ ఎవరికీ నియమం పెట్టలేదు. నార్లీకర్ ఒప్పుకోని మహా విస్ఫోటపు వికిరణం మీద తరుణ్ సౌరదీప్ అక్కడే పనిచేశారు. గురుత్వ తరంగాలను గుర్తించే లెక్కల మీద సంజీవ్ ధురంధర్ పనిచేశారు. నార్లీకర్ దగ్గరే పీహెచ్‌డీ చేసిన పద్మనాభన్ తనదైన దారిలో గురుత్వాకర్షణను పరిశోధించి ప్రపంచ ఖ్యాతి పొందారు. మన హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2001లోనూ 2005లోనూ ఎగరేసిన బెలూన్లు 41 కిలోమీటర్ల ఎత్తు వరకు వెళ్లి సూక్ష్మజీవుల కోసం గాలి నమూనాలు తెచ్చాయి. ఆ సూక్ష్మజీవుల అన్వేషణకు నాయకత్వం వహించిందీ నార్లీకరే. ఆ నమూనాల్లో దొరికిన కొత్త బాక్టీరియాల్లో ఒకదానికి హోయల్ పేరు, మరొకదానికి ఆర్యభట పేరు పెట్టారు. 2004లో పద్మవిభూషణ్, 2014లో మరాఠీలో రాసిన ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాయి. 2025 మే నెలలో పుణెలో కన్నుమూశారు. ఒక సిద్ధాంతం నిలవకపోయినా ఇంత పని నిలిచింది. కాబట్టి ఆయనను చూసి దారి ఎంచుకుంటే మీ అమ్మాయికి నష్టమేమీ లేదు. ఆయన జీవితంలోని ఏ భాగాన్ని చూసి ఎంచుకుంటోందన్నదే ప్రశ్న.

కొన్నేళ్ల క్రితం కదిరి వైపు నుంచి ఒక అబ్బాయి రెండు వందల పేజీల నోటుపుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ఐన్‌స్టీన్ తప్పని అందులో రాశాడు. చురుకైన పిల్లవాడే, శ్రద్ధా ఉంది. కానీ ఐన్‌స్టీన్ సమీకరణాన్ని ఒక్కసారైనా విప్పి చూశావా అని అడిగితే, అది తప్పు కదా, ఎందుకు చూడాలన్నాడు. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. అలాంటి పిల్లలకు సకాలంలో ఒక మంచి లెక్క ఇచ్చేవారు దొరకడం లేదు.

మీ అమ్మాయికి నేను ఒక లెక్క ఇస్తున్నాను. ఇంటర్ చదువు దీనికి చాలు. సూర్యుడి చుట్టూ వృత్తాకారంలో తిరిగే గ్రహం వేగం ఎంతో న్యూటన్ సూత్రంతో కట్టమనండి. భూమికి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు, బృహస్పతికి 13, నెప్ట్యూన్‌కు అయిదున్నరకు కొంచెం తక్కువ వస్తుంది. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఇప్పుడు పాలపుంత అంచుల వైపు చూడాలి. అక్కడ నక్షత్రాల వేగం అలా పడిపోవడం లేదు. సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల దగ్గరే చాలా దూరం కొనసాగుతుంది. మిగతా గెలాక్సీల్లోనూ ఇలాగే ఉందని 1970లలో వెరా రూబిన్ వంటివారు కొలిచి చూపారు. కనిపించని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) ఉండి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంటారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన మొర్దెహాయ్ మిల్‌గ్రోమ్ మాత్రం, త్వరణం అత్యంత స్వల్పమైన చోట సూత్రమే మారుతుందని 1983లో ప్రతిపాదించాడు. అలాంటి చోట త్వరణపు వర్గాన్ని ఒక స్థిరాంకంతో భాగించి, దాన్ని న్యూటన్ చెప్పిన విలువకు సమానం చేయాలి. త్వరణం స్థానంలో వేగపు వర్గం బై వ్యాసార్ధం ప్రతిక్షేపిస్తే రెండు పక్కలా వ్యాసార్ధం కొట్టుకుపోయి, వేగపు నాలుగో ఘాతం ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుందని తేలుతుంది. నాలుగు పంక్తుల లెక్క. ఇది ఎవరూ చెప్పకుండా తాను చేసి, చేశాక ఆ రాత్రి నిద్రపట్టక ఇంకో ప్రశ్న వేస్తే, ఈ రంగం ఆమెదేనని నేను పూచీ ఇస్తాను. చేయడానికి విసుగు పడితే, ఆమెకు నచ్చింది శాస్త్రవేత్త కథే తప్ప శాస్త్రం కాదని మెల్లగా తెలుసుకునే అవకాశం ఇవ్వండి. దానికి కోప్పడవలసిన అవసరం లేదు.

మిల్‌గ్రోమ్ విషయంలోనూ ఒక సంగతి గమనించాలి. 1979లో ఎస్ఎస్ 433 అనే విచిత్ర నక్షత్రపు వర్ణపటాన్ని వివరించి ఆయన అప్పటికే పేరు పొందాడు. కొత్త సూత్రం ఆ తర్వాత వచ్చింది. అది గెలాక్సీలకు చక్కగా సరిపోతున్నా గెలాక్సీల గుంపుల దగ్గర ఇబ్బంది పడుతోంది. వివాదం ఇంకా తెగలేదు. ఇలాంటి సిద్ధాంతాలను పరీక్షించడం ఇప్పుడు బలమైన రంగం. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలూ గామా కిరణాలూ సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి రెండు సెకన్ల లోపు తేడాతో భూమికి చేరడంతో, ఆ రెండింటి వేగం వేరుగా ఉండాలన్న అనేక ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు ఒక్క రోజులో వీగిపోయాయి. మహారాష్ట్రలోని హింగోలీ జిల్లాలో ఇలాంటి పరిశీలన కేంద్రమే, లైగో ఇండియా, కట్టడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. దానికి భౌతిక శాస్త్రవేత్తలతో పాటు లేజర్లు, వ్యాక్యూమ్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటింగ్ తెలిసిన ఇంజనీర్లు కూడా కావాలి.

అందుకే ఈఏపీసెట్ రాయనన్న పట్టుదలను నేను సమర్థించను. రాయమనండి. రాసినంత మాత్రాన ఇంజనీరింగులో చేరి తీరాలని లేదు. దానితో పాటు విజ్ఞాన శాస్త్రాలకే ప్రత్యేకించిన కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఐసర్‌ల ప్రవేశ పరీక్ష, అలాంటిదే అయిన నైసర్ కోసం నెస్ట్ పరీక్ష, వీలైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. మనకు దగ్గరలో తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ ఉంది. ఆ ఐసర్ పరీక్ష మార్కులతోనే బెంగళూరు ఐఐఎస్‌సీ బీఎస్ కోర్సుకు కూడా పోటీ పడవచ్చు. నవంబరులో జరిగే ఖగోళ శాస్త్ర ఒలింపియాడ్ తొలి పరీక్షకు తప్పక దరఖాస్తు చేయించండి. గెలుపు మాట ఎలా ఉన్నా, ఆ ప్రశ్నపత్రం చూస్తే తన స్థాయి తనకే తెలుస్తుంది. ఇవేవీ రాకపోతే ఊరి దగ్గరే మంచి డిగ్రీ కళాశాలలో గణితం, భౌతిక శాస్త్రం చదివి ఐఐటీల జామ్ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. ఆ దారిలో వెళ్లి పరిశోధనలో స్థిరపడినవారు అనంతపురం జిల్లాలోనే నాకు తెలిసినవారున్నారు.

కాలం, డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. అయిదేళ్ల చదువు, అయిదారేళ్ల పీహెచ్‌డీ, ఆపైన దేశంలోనో విదేశంలోనో మూడు నాలుగేళ్ల తాత్కాలిక పరిశోధన కలిపితే, స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై మూడు ముప్పై అయిదేళ్లు వస్తాయి. పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. 2023 జనవరి నుంచి పరిశోధక విద్యార్థికిచ్చే జేఆర్ఎఫ్ భృతి నెలకు 37,000 రూపాయలు, మూడో ఏడు నుంచి 42,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ తర్వాత అందరికీ శాస్త్రవేత్త ఉద్యోగం రాదు. అయినా ఆ గణితం, ప్రోగ్రామింగ్ వచ్చినవారికి అధ్యాపక వృత్తిలోనూ సమాచార విశ్లేషణ రంగంలోనూ చోటు దొరుకుతుంది.

పెళ్లి మాట మీరు రాయలేదు కానీ ఆడపిల్ల తండ్రులు నాతో ఆ మాట చివరలో, గుమ్మం దగ్గర నిలబడి అడుగుతారు. నార్లీకర్ భార్య మంగళ గణిత శాస్త్రవేత్త. పెళ్లయి, పిల్లలను పెంచుతూ సంఖ్యా సిద్ధాంతంలో పీహెచ్‌డీ పొందారు. వారి ముగ్గురు కూతుళ్లూ విజ్ఞాన రంగాల్లోనే స్థిరపడ్డారు. ఇది అందరికీ సులభంగా జరుగుతుందని నేను అనను. మంగళగారి వృత్తి కూడా భర్త ఊళ్లు మారినప్పుడల్లా ఆగి ఆగి సాగింది. మీ ఇంట్లో ఈ మాట వచ్చిన రోజున చదువు ఆపే ప్రసక్తి లేకుండా మాట్లాడతామని ఇప్పుడే ఆమెకు మాట ఇవ్వండి. నా అనుభవంలో మంచి విద్యార్థినులు మధ్యలో మానేయడానికి మార్కులకన్నా ఆ మాట లేకపోవడమే ఎక్కువసార్లు కారణమైంది.

పుణెకు తప్పక తీసుకెళ్లండి. బెంగళూరు నుంచి ముంబయి వెళ్లే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ మీ జంక్షన్‌లోనే ఆగుతుంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ఐయుకా ప్రజలందరికీ తలుపులు తెరుస్తుంది. ఈ ఏడాది అది పబ్లిక్ పరీక్షల సమయం కనుక, వేసవిలో ప్రవేశ పరీక్షలన్నీ అయ్యాక, ముందుగా సంస్థకు ఉత్తరం రాసి అనుమతి తీసుకుని వెళ్లండి. చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన ఆ ప్రాంగణంలో ఆర్యభట, గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్ విగ్రహాలున్నాయి, ఫూకో లోలకం ఒకటి ఊగుతూ ఉంటుంది. విగ్రహాల దగ్గర ఫొటో తీసుకున్నాక లోలకం దగ్గర కాసేపు నిలబడండి. దాని కింద భూమి తిరుగుతుండటం వల్ల అది ఊగే దిశ మెల్లగా మారుతున్నట్టు కనిపిస్తుంది. ధ్రువం మీద అయితే ఆ దిశ పూర్తిగా దూరపు నక్షత్రాలకే కట్టుబడి ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అలా ఎందుకుండాలో, దానికీ బస్సులో మనం ముందుకు తూలడానికీ సంబంధమేమిటో, మీ అమ్మాయిని మీకు తెలుగులో వివరించమని అడగండి.