ఇంజిన్ నంబర్ కలిసినంత మాత్రాన అది ఆ కారు సొంత ఇంజిన్ అయిపోదు

ప్రశ్న ఇది: "1967 షెవ్రొలే కార్వెట్ ఒకటి అమ్మకానికి ఉంది. 427 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, 435 హార్స్‌పవర్ అంటున్నారు. ఇంజిన్ మీద నంబరు కారు నంబరుతో (ఛాసిస్ నంబరుతో) కలుస్తోంది. ఇక నమ్మేయొచ్చా?"

అప్పుడే వద్దు. ఆ నంబరు పంచ్‌తో కొట్టింది. అక్షరాల పంచ్ సెట్టు, సుత్తి చేతిలో ఉంటే ఎవరైనా కొట్టేస్తారు. ఇనుము పోసినప్పుడు అచ్చులోంచే ఉబ్బెత్తుగా వచ్చిన అంకెల్ని మార్చడం అంత తేలిక కాదు. అందుకని పోత దగ్గర మొదలుపెట్టి పంచ్ దగ్గరికి రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, డబ్బు పోగొట్టుకునేదీ అక్కడే.

ముందు బ్లాక్ (ఇంజిన్ ప్రధాన పోత భాగం) వెనక, గేర్‌బాక్సును ఇంజిన్‌కి కలిపే బెల్‌హౌసింగ్ అనే తొడుగు ఆనే అంచు మీద ఉండే 7 అంకెల పోత నంబరు చూడండి. 1967 నాటి 427 బ్లాకుల్లో కనిపించేది 3904351. అక్కడ 3963512 ఉంటే అది 1969లోనో ఆ తర్వాతో వచ్చిన బ్లాక్. పైన ఏ నంబరు కొట్టి ఉన్నా ఇక చూడక్కర్లేదు.

తర్వాత పోత తేదీ. ఈ 427 బ్లాకులో అది కుడి పక్కన, స్టార్టర్ దగ్గర్లో ఉంటుంది. కారును పైకి ఎత్తకుండా చదవడం కష్టం. నెలకు ఒక అక్షరం, తర్వాత తారీఖు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ఏ, 24, 7 అని ఉంటే 1967 జనవరి 24. సంవత్సరానికి ఒక్క అంకే కాబట్టి 1977 కూడా 7గానే కనిపిస్తుంది. ఆ సందేహం తీర్చేది పోత నంబరే, అందుకే దాన్ని ముందు చూడమన్నాను.

ఇప్పుడు పంచ్. కుడివైపు సిలిండర్ హెడ్‌కి సరిగ్గా ముందు, బ్లాక్ పైన చదునైన చిన్న ప్యాడ్ ఉంటుంది. దాని మీద రెండు వేర్వేరు ముద్రలు ఉండాలి. ఒకటి టి, 0203, జెఈ అని ఇంజిన్ ఫ్యాక్టరీ కొట్టినది. టి అంటే టోనవాండా ఇంజిన్ ఫ్యాక్టరీ, 0203 అంటే ఫిబ్రవరి 3న బిగించారని, జెఈ అంటే మూడు కార్బొరేటర్ల 435 హార్స్‌పవర్ ఇంజిన్ అని. అదే ఐఎల్ అయితే 390 హార్స్‌పవర్‌ది. దాన్ని చెరిపి జెఈ కొట్టాలన్న ఆశ ఎందుకు పుడుతుందో చెప్పక్కర్లేదు. రెండోది 7, దాని పక్కన కారు నంబరులోని చివరి 6 అంకెలు. ఇది సెయింట్ లూయిస్‌లో కారు బిగించేచోట కొట్టినది.

రెండు ఊళ్లలో, రెండు వేర్వేరు పంచ్‌లతో, వేర్వేరు చేతులు కొట్టిన ముద్రలవి. అక్షరాల ఆకారం, లోతు, వాలు తేడాగా ఉండటమే సహజం. రెండూ ఒకే లోతులో, ఒకే తీరులో ముచ్చటగా కనిపిస్తే అనుమానించండి.

ప్యాడ్‌ని పట్టి చూసేటప్పుడు అసలు చూడాల్సింది అంకెల్ని కాదు, అంకెల మధ్య ఉన్న లోహాన్ని. ఫ్యాక్టరీలో ఆ తలాన్ని బ్రోచింగ్ చేసేవారు, అంటే వరస పళ్లున్న పనిముట్టుతో గీకి చదును చేసేవారు. దానివల్ల ఇంజిన్ ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు పడతాయి. పంచ్ పడేది ఆ గీతల మీద. దెబ్బకి అక్షరం అంచులు కాస్త పైకి లేస్తాయి. టార్చిని ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. లేచిన అంచు అరిగి చదునై, దాని మీదుగా గీత నేరుగా పోతుంటే, పంచ్ తర్వాత ఎవరో ఎమెరీ పేపరు రుద్ది ఆ గీతలు గీశారని అర్థం. గీతలు వంపు తిరిగి ఉంటే బ్లాక్‌ని ఎప్పుడో మెషిన్ షాపులో మిల్లింగ్ చేశారు, అంటే తిరిగే కత్తితో పైతలాన్ని చెక్కారు. అందులో దొంగతనం లేకపోవచ్చు, కానీ పాత నంబరు మాత్రం పోయినట్టే.

శుభ్రం చేయడానికి కార్బొరేటర్ క్లీనర్, గుడ్డ, ప్లాస్టిక్ బ్రష్ చాలు. వైర్ బ్రష్ తగలనివ్వకండి. నిజమైన ప్యాడ్‌లు పాడైపోయేది ఎక్కువగా కొనేవాళ్ల ఆత్రంవల్లే, ఇది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒకసారి చెరిగిన గీతలు మళ్లీ రావు.

ఇక తేదీల వరుస. పోత ముందు, ఇంజిన్ బిగింపు తర్వాత, కారు బిగింపు చివర. వీటి మధ్య మామూలుగా కొన్ని రోజులో వారాలో ఉంటాయి. మార్చిలో పోసిన బ్లాక్ మీద ఫిబ్రవరి 3 అని పంచ్ ఉంటే కథ అక్కడితో ఆగిపోతుంది. కారు బాడీ తేదీ గ్లవ్ బాక్స్ కింద ఉన్న రేకు మీద ఉంటుంది. ఇక్కడే తికమక. పోత తేదీలో ఏ అంటే జనవరి, ఆ రేకు మీద మాత్రం ఏ అంటే 1966 సెప్టెంబరు. ఆ లెక్కన ఫిబ్రవరి ఎఫ్ అవుతుంది. ఇది తెలియక మంచి కారును నకిలీ అని వదులుకునేవాళ్లూ ఉన్నారు.

కాగితాల సంగతికొస్తే, 1967లో పెట్రోల్ ట్యాంకు మీద ఆర్డర్ వివరాల కాగితం అంటించేవారు. అది ఇంకా ఉంటే పెద్ద సాక్ష్యం. జాగ్వార్ ఈ-టైప్ కొనేవాళ్లకి ఈ తంటా తక్కువ. దాని ఇంజిన్ నంబరు బ్లాక్ మీదా, హెడ్ మీదా రెండుచోట్లా ఉంటుంది, ఫ్యాక్టరీ రికార్డు నుంచి సర్టిఫికెట్ కూడా తెప్పించుకోవచ్చు. షెవ్రొలేకి ఆనాటి అలాంటి రికార్డు దొరకదు, ఇనుమునే అడగాలి.

ఇంకొకటి. ప్యాడ్ మీద సీఈ అని మొదలయ్యే నంబరు ఉంటే అది కంపెనీ ఇచ్చిన బదులు ఇంజిన్. నకిలీ కాదు, అలాగని సొంతదీ కాదు. ఆ మాట దాచకుండా చెప్పి అమ్మితే తప్పేం లేదు. కారులో దాని సొంత ఇంజినే ఉందని చెప్పే "నంబర్స్ మ్యాచింగ్" అనే మాటను మాత్రం ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నారు, ఆ కాలానిదే ఇంకో ఇంజిన్ తెచ్చి పెట్టినా అదే అంటున్నారు. మీరు అడగాల్సింది మూడు ఫొటోలు: పోత నంబరు, పోత తేదీ, ఏటవాలు వెలుతురులో ప్యాడ్. ప్యాడ్ ఒక్కటే పంపి మిగతా రెండూ దాటవేస్తుంటే, కారును లిఫ్ట్ మీద ఎత్తించి మీ కళ్లతో చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.