లేచిపోయిందా, లేవదీసుకుపోయాడా?

సందేహం: 'కన్యాశుల్కం' నాటకం గురించి మాట్లాడుతూ నేను "బుచ్చమ్మ గిరీశంతో లేచిపోయింది" అన్నాను. "తప్పు, గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు అనాలి" అన్నాడు మా అన్నయ్య. రెండూ ఒకటే కదండీ?

సమాధానం: జరిగిన సంగతి ఒకటే. నింద ఎవరి మీద పడుతుందన్న దగ్గరే తేడా.

'లేచిపోవు' అకర్మకం. అందులో కర్త ఆడమనిషి; మగవాడు 'తో' పట్టుకుని పక్కన నిలబడతాడు. 'ఇద్దరూ లేచిపోయారు' అని ఇప్పుడు అంటున్నాం గానీ, 'ఫలానావాడు లేచిపోయాడు' అని మగవాడి ఒక్కడి గురించే అనడం ఇప్పటికీ అరుదే. 'లేవదీయు' సకర్మకం. ఇక్కడ కర్త మగవాడు, ఆమె కర్మ. మధ్యలో 'కు'గా ఇమిడిపోయిన 'కొను' చూడండి: ఎత్తుకుపోయాడు, పట్టుకుపోయాడు, లేపుకుపోయాడు. అన్నీ సొంతానికి సొమ్ము పట్టుకెళ్లే మాటలే. మొదటి మాటలో తప్పంతా ఆమెది. రెండోదాంట్లో ఆమెకు ఇష్టాయిష్టాలే లేవు.

బుచ్చమ్మ కథ ఈ రెంటిలోనూ ఇమడదు. గురజాడ నాటకం 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంగా మారింది. అందులో అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని 1800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతున్నాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. తనతో వచ్చేస్తే చెల్లెలి పెళ్లి తప్పిపోతుందని గిరీశం నమ్మించాడు. అతనివి మాయమాటలే. కానీ ఆ పిల్ల గడప దాటింది చెల్లెలి కోసం కూడా. 'లేవదీసుకుపోయాడు' అంటే ఆ తెగింపు మనకు కనబడకుండా పోతుంది, నాకు బాధ కలిగేది అక్కడే.

వితంతువు మళ్లీ పెళ్లాడితే చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించారు. అక్కడ పురోహితుడు, మంత్రాలు ఉన్నాయి కాబట్టి దాని పేరు 'స్త్రీ పునర్వివాహం'. అవి లేకుండా, ఇంట్లో చెప్పకుండా వెళితే ఊరి నోట 'లేచిపోవడం'.

మా ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట గొంతు తగ్గించి అనేవారు. పిల్లలం దగ్గరికొస్తే చటుక్కున 'వెళ్లిపోయింది' అని మార్చేసేవారు.

వ్యాకరణం ప్రకారం మీ ఇద్దరి వాక్యాలూ సరైనవే. గిరీశం ఎత్తుగడ గురించి రాసేటప్పుడు మీ అన్నయ్య మాట బాగుంటుంది. మీ వాక్యం అగ్నిహోత్రావధాన్లు నోట్లో బాగుంటుంది. బుచ్చమ్మ గురించి రాయాల్సి వస్తే మాత్రం నేను "గిరీశంతో వెళ్లిపోయింది" అనే రాస్తాను.